పోస్టు ఒకడిది, నింద అందరికీ: పాఠకుల ప్రశ్నలకు న్యాయ సలహా

ఉగ్రదాడి జరిగిన ప్రతిసారీ ఈ శీర్షికకు రెండు రకాల ఉత్తరాలు వస్తాయి. ‘మా దేవుణ్ణి తిట్టారు, ఏం చెయ్యాలి’ అనేవి కొన్ని. ‘ఎవరో చేసినదానికి మమ్మల్ని అంటున్నారు, ఏం చెయ్యాలి’ అనేవి కొన్ని. ఈసారి రెండూ కలిపి తీసుకున్నాం. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి, నేరాలూ శిక్షలూ చెప్పే భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్), సీఆర్‌పీసీ పోయి, దర్యాప్తు, విచారణల పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్ష సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) వచ్చాయి. అందుకని కొత్త సెక్షన్లే ఇస్తున్నాం, అవసరమైనచోట పాత నంబరు కూడా చెబుతున్నాం.

ప్రశ్న: మా ఊరివాడే ఒకడు ఫేస్‌బుక్‌లో మా దేవుడి మీద అసహ్యంగా రాశాడు. ఠాణాకు వెళ్లి ఫిర్యాదు రాసిచ్చాను, నకలు పంపుతున్నాను. ఇరవై రోజులైనా కదలిక లేదు. కేసు కట్టించడం ఎలా?
– ఓ పాఠకుడు, ఒంగోలు

జవాబు: మీ ఫిర్యాదులో ‘నా మనోభావాలు తీవ్రంగా దెబ్బతిన్నవి’ అన్న వాక్యం నాలుగుసార్లు ఉంది. అతను రాసిన మాట మాత్రం ఒక్కటీ లేదు. ఎప్పుడు రాశాడో, ఏ ఖాతా నుంచి రాశాడో లేదు. అది చదివిన ఎస్‌ఐకి మీ బాధ అర్థమవుతుందేమో కానీ నేరం ఏమిటో అర్థం కాదు.

మీకు వర్తించేది బీఎన్‌ఎస్ 299, అంటే పాత 295ఏ. మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అయితే ఈ సెక్షన్ కొలిచేది మీకు కలిగిన బాధను కాదు, రాసినవాడి ఉద్దేశాన్ని. ఒక వర్గం ప్రజల మతాన్ని కావాలని, దురుద్దేశంతో అవమానించి ఉండాలి. కావాలని చేయడం, దురుద్దేశం రెండూ ఉండాలి, ఒక్కటి చాలదు. ఈ సంగతి తేలడానికి మన అనంతపురం కేసే కారణమైంది. 2013లో ఓ బిజినెస్ పత్రిక క్రికెటర్ ధోనీని విష్ణుమూర్తిలా, చేతుల నిండా కంపెనీల సరుకులతో ముఖచిత్రంగా వేసింది. అనంతపురం కోర్టులో ఫిర్యాదు పడింది, ధోనీకి వారెంటు కూడా వెళ్లింది. 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టేసింది. తెలియకో, అజాగ్రత్త వల్లో, దురుద్దేశం లేకుండానో చేసిన అవమానం ఈ సెక్షన్ కిందికి రాదని తేల్చింది.

కాబట్టి ఫిర్యాదు మళ్లీ రాయండి. అతను వాడిన మాటలను ఉన్నవి ఉన్నట్టు, కొటేషన్‌లో పెట్టి రాయండి. రాయడానికి ఇబ్బందిగా ఉంటే ప్రింటు జతచేసి ‘అనుబంధం 1’ అని పేర్కొనండి. తేదీ, సమయం, పోస్టు లింకు, ప్రొఫైల్ లింకు ఇవ్వండి. ప్రొఫైల్ పేరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, అందుకే లింకు ముఖ్యం. దురుద్దేశాన్ని చూపించేవి ఏమున్నాయో వెతకండి: తప్పని ఎవరైనా చెప్పాక కూడా మళ్లీ పెట్టాడా, పండగ రోజు చూసి పెట్టాడా, గుడి కమిటీ వాళ్లనో మసీదు వాళ్లనో ట్యాగ్ చేసి రెచ్చగొట్టాడా, కింద కామెంట్లలో ఏమన్నాడు? ఎస్‌ఐ చూసేవి ఇవే, కోర్టు చూసేవీ ఇవే.

స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు కత్తిరించకండి. ఫోను పైభాగంలోని గడియారం, బ్రౌజరైతే అడ్రసు పట్టీ కనిపించాలి. ప్రొఫైల్ నుంచి పోస్టు దాకా వెళ్తూ ఒక స్క్రీన్ రికార్డింగ్ కూడా తీసి పెట్టుకోండి. తీసిన ఫోనును మార్చకండి, ఫార్మాట్ చేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యం కోర్టులో నిలబడాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63(4) కింద ధ్రువపత్రం కావాలి. అందులో రెండు భాగాలుంటాయి, ఒకటి ఫోను మీ చేతిలో ఉన్నందుకు మీరు నింపేది, రెండోది నిపుణుడు నింపేది. ఫైలు మారలేదని చూపే సంకేత సంఖ్య (హ్యాష్ విలువ) రాసే గడి కూడా ఉంటుంది. ఈ కాగితం లేక వీగిపోయిన కేసులు మా చేతిమీదే చూశాం.

ఇక ఒక పొరపాటు చాలామంది చేస్తారు. ‘చూడండి వీడెంత మాటన్నాడో’ అంటూ ఆ పోస్టునే పది గ్రూపుల్లో తిప్పుతారు. ఊళ్లో గొడవైతే తిప్పినవాళ్ల మీద కూడా కేసు పడుతుంది. మీరు ఇప్పటికే తిప్పి ఉంటే ఇకనైనా ఆపండి.

ఠాణాలో తీసుకోకపోతే అడుగులు ఇవి. మూడేళ్లు మొదలుకొని ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో, డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకునే వీలు బీఎన్‌ఎస్‌ఎస్ 173(3) పోలీసులకు ఇచ్చింది. మాటలు, రాతలకు సంబంధించిన కేసుల్లో ఈ విచారణ చేసుకోవడమే మంచిదని సుప్రీంకోర్టు 2025 మార్చిలో, ఓ ఎంపీ పెట్టిన కవిత మీద గుజరాత్‌లో కట్టిన కేసును కొట్టేస్తూ చెప్పింది. అంటే వెంటనే ఎఫ్‌ఐఆర్ కాకపోవడం తప్పు కాదు, 14 రోజులు దాటినా ఏ సంగతీ చెప్పకపోవడం తప్పు. అప్పుడు ఫిర్యాదు సారాంశాన్ని ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి. అక్కడా పలకకపోతే 175(3) కింద మేజిస్ట్రేటు దగ్గర అఫిడవిట్‌తో దరఖాస్తు వేయండి. ఎస్పీకి పంపిన రసీదు లేకుండా నేరుగా కోర్టుకు పోతే దరఖాస్తు తిరిగొస్తుంది.

ఎఫ్‌ఐఆర్ అయ్యాక మరో గడప ఉంది. సెక్షన్ 299 గానీ, వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టే 196 గానీ పెట్టిన కేసును కోర్టు విచారణకు తీసుకోవాలంటే ప్రభుత్వ ముందస్తు అనుమతి ఉండాలి, బీఎన్‌ఎస్‌ఎస్ 217 ప్రకారం. ఎఫ్‌ఐఆర్‌కు, దర్యాప్తుకు అది అక్కర్లేదు. ఛార్జిషీటు వేసేనాటికి ఆ ఉత్తర్వు జతలో ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే మీరు గెలిచినా పైకోర్టులో నిలబడదు.

ప్రశ్న: పహల్గాం దాడి తర్వాత మా అబ్బాయి వాట్సాప్‌లో ఒక మెసేజ్ ఫార్వార్డ్ చేశాడు. ‘ఫలానా మతంవాళ్ల దగ్గర పండ్లు కొనకండి, విషం ఎక్కిస్తున్నారు’ అని. వాడు రాసింది కాదు. ఇంటర్ రెండో సంవత్సరం, ఇంకా 18 నిండలేదు. స్టేషన్‌కు రమ్మన్నారు. గ్రూప్ అడ్మిన్ మా బావమరిది, ఆయనకూ భయంగా ఉంది.
– ఓ తల్లి, కరీంనగర్

జవాబు: ముందు అబ్బాయి వయసు రుజువు చేసే కాగితం తీసుకోండి అమ్మా. పదో తరగతి సర్టిఫికెట్ చాలు. బాలల న్యాయచట్టం కింద గరిష్ఠంగా మూడేళ్ల దాకా శిక్ష ఉన్న నేరం చిన్న నేరం. అటువంటి నేరంలో, పెద్దవాళ్లతో కలిసి చేసినట్టు ఆరోపణ ఉంటే తప్ప, పిల్లవాడి మీద ఎఫ్‌ఐఆర్ కట్టకూడదని 2016 నిబంధనల్లో 8వ నిబంధన చెబుతుంది. జనరల్ డైరీలో రాసుకుని, పిల్లవాడి ఇంటి పరిస్థితి మీద నివేదికతో జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపాలి. లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు. ప్రతి ఠాణాలోనూ బాలల సంక్షేమ పోలీసు అధికారి అని ఒకరుంటారు, మాట్లాడాల్సింది ఆ అధికారితోనే. మీరు వెంట ఉండండి.

‘వాడు రాసింది కాదు’ అన్నది పెద్ద రక్షణ కాదు. ఫార్వార్డ్ చేయడమంటే ఆ మాటను తనదిగా జనంలోకి పంపడమేనని 2023లో మద్రాసు హైకోర్టు ఓ మాజీ ఎమ్మెల్యే కేసులో చెప్పింది. పైగా ఈ మెసేజ్‌లో ఉన్నది అభిప్రాయం కాదు, ‘విషం ఎక్కిస్తున్నారు’ అన్న పుకారు. వర్గాల మధ్య ద్వేషం పుట్టించాలని తప్పుడు సమాచారం, పుకారు ప్రచారం చేయడం బీఎన్‌ఎస్ 353(2) కింద నేరం. నిజమని నమ్మడానికి తగిన కారణం ఉండి, సదుద్దేశంతో, అటువంటి ఆలోచనేమీ లేకుండా పంపినట్టయితే అదే సెక్షన్ చివర మినహాయింపు ఉంది. గట్టున పడే మార్గం అక్కడ ఉంది. ఎవరు పంపారు, ఎన్ని గ్రూపులకు పంపాడు, అబద్ధమని తెలిశాక ఏం చేశాడు అన్నవి వరుసగా, అబద్ధం ఆడకుండా చెప్పించండి.

మెసేజ్ ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ చేసి ఉంటే ఆ సంగతీ చెప్పండి. విచారణ మొదలయ్యాక ఫోన్లో ఏదీ చెరపవద్దు. ఉన్న కేసుకు తోడు సాక్ష్యం మాయం చేశారన్న ఇంకో కేసు ఎందుకు?

అడ్మిన్ విషయానికొస్తే, గ్రూపులో వేరొకరు పెట్టినదానికి అడ్మిన్ అన్న ఒక్క కారణంతో నేరస్తుడు కాడని 2021లో బొంబాయి హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. కాకపోతే బావమరిదిగారు ఆ మెసేజ్ కింద బొటనవేలు గుర్తు పెట్టి ఉంటే మాత్రం ప్రశ్న వస్తుంది. లేకపోతే గ్రూపులో అది పుకారని రాసి, ‘అడ్మిన్లు మాత్రమే’ సెట్టింగ్ పెట్టి వదిలేయమనండి.

పెద్దవాళ్లయితే సంగతి వేరు. ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు తప్పనిసరి కాకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) కింద హాజరు నోటీసు ఇవ్వాలి. ఇది ఉత్తుత్తి నోటీసు కాదు. 2022 ఆగస్టులో ప్రవక్త మీద వ్యాఖ్యల కేసులో హైదరాబాద్ ఎమ్మెల్యే ఒకరిని అరెస్టు చేసి హాజరుపరిస్తే, అప్పటి 41ఏ నోటీసు (ఇప్పటి 35(3) నోటీసే) ఇవ్వలేదన్న కారణంతోనే నాంపల్లి కోర్టు రిమాండుకు ఒప్పుకోలేదు. రెండు రోజులకు పీడీ (ముందస్తు నిర్బంధ) చట్టం కింద మళ్లీ పట్టుకున్నారు, నవంబరులో హైకోర్టు ఆ ఉత్తర్వునూ కొట్టేసింది. ఆ మాటలు మనకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. పద్ధతి తప్పితే ఎంత కోపం తెప్పించే కేసైనా చేజారుతుంది.

ప్రశ్న: మా కాలనీ సంఘం వాట్సాప్‌లో తీర్మానం పెట్టారు, ఒక మతానికి చెందిన తోపుడుబండ్ల వాళ్లను లోపలికి రానివ్వొద్దని. గేటు దగ్గర వాచ్‌మన్ పేరు అడిగి పంపిస్తున్నాడు. అద్దెకుంటున్న ఇద్దరు కశ్మీరీ విద్యార్థులను ఖాళీ చేయమన్నారు. కార్యవర్గ సభ్యురాలిగా నాకు ఇది నచ్చలేదు. చట్టం ఏమంటుంది?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ రోడ్లు జీహెచ్‌ఎంసీవా, సంఘానివా? జవాబు దాని మీద ఆధారపడుతుంది. గేటు పెట్టినంత మాత్రాన పబ్లిక్ రోడ్డు సొంతమైపోదు. రోడ్డు కార్పొరేషన్‌దైతే 2014 వీధి వ్యాపారుల చట్టం వర్తిస్తుంది. గుర్తింపు పత్రం ఉన్న వ్యాపారిని, ఆ షరతుల ప్రకారం అమ్ముకుంటున్నంత కాలం, ఏ వ్యక్తీ ఏ పోలీసూ అడ్డుకోరాదని 27వ సెక్షన్ నేరుగా చెబుతుంది. తొలగించాలన్నా కార్పొరేషనే, అదీ 30 రోజుల నోటీసుతో. సంఘానికి ఆ అధికారం లేదు.

రోడ్లు లేఅవుట్‌లో సంఘం సొంతమే అయితే బండ్లన్నిటినీ వద్దనే హక్కు మీకుంది. కానీ పేరు అడిగి ఒకడిని పంపి, ఇంకొకడిని ఆపడం వేరు. ఒక మతంవాళ్లకు పౌరులుగా ఉన్న హక్కులు దక్కకూడదని చెప్పడం, ప్రచారం చేయడం బీఎన్‌ఎస్ 197 కింద నేరం. మతసామరస్యాన్ని దెబ్బతీసి శాంతికి భంగం కలిగించే పని 196 కింద నేరం. మీ వాట్సాప్ తీర్మానమే సంతకాలు, సమయాలతో సహా సాక్ష్యం. దాన్ని టైపు చేసిన కార్యదర్శిగారికి ఈ సంగతి తెలిసి ఉండదు. తెలిస్తే ఆయనే వెనక్కి తీసుకుంటారు, మా అనుభవంలో చాలాసార్లు అంతే జరుగుతుంది.

మీరు చేయాల్సింది: తీర్మానం మినిట్స్ పుస్తకంలోకి ఎక్కిందా చూడండి. ఎక్కితే నకలు అడగండి, మీ అసమ్మతిని అదే పేజీలో రాసి సంతకం పెట్టండి. వాట్సాప్‌లో మౌనంగా ఉంటే మీరూ ఒప్పుకున్నట్టే లెక్క వేస్తారు. తర్వాత అధ్యక్షుడికి లిఖితపూర్వకంగా ఒక ఉత్తరం, ‘తీర్మానం చట్టవిరుద్ధం, ఉపసంహరించుకోండి’ అని, వారం గడువుతో. వినకపోతే ఆ ఉత్తరం నకలుతో పోలీసు ఫిర్యాదు. విద్వేష ప్రసంగాల విషయంలో ఫిర్యాదు లేకపోయినా పోలీసులే కేసు కట్టాలని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో మూడు రాష్ట్రాలకు చెప్పి, 2023 ఏప్రిల్‌లో దేశమంతటికీ విస్తరించింది. గుంపు దాడుల నివారణకు ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయికి తగ్గని నోడల్ అధికారి ఉండాలని 2018లో చెప్పిందీ ఆ కోర్టే. కొట్టే పరిస్థితి కనిపిస్తే 100కో 112కో ఫోను చేయండి, నోడల్ అధికారి కార్యాలయానికీ రాయండి.

కశ్మీరీ పిల్లల సంగతి కాస్త చిక్కు. ఇల్లు ఎవరికి ఇవ్వాలన్నది యజమాని ఇష్టమేనన్నట్టు మన చట్టాలు వదిలేశాయి. ప్రైవేటు ఇళ్లలో మతం చూసి అద్దె నిరాకరించడాన్ని నేరుగా నిషేధించే కేంద్ర చట్టం లేదు. రాజ్యాంగం 15(2) దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల గురించి చెప్పింది కానీ అద్దె ఇళ్ల గురించి చెప్పలేదు. ఇది లోటేనని మా అభిప్రాయం. అయితే ఇప్పటికే ఉంటున్నవాళ్లను రాత్రికి రాత్రి పంపే హక్కు యజమానికీ లేదు, సంఘానికి అసలే లేదు. నెలవారీ అద్దెకు కనీసం 15 రోజుల నోటీసు ఉండాలి. గడువు దాటినా ఖాళీ చేయించాల్సింది కోర్టు. కరెంటు కోయడం, తాళం మార్చడం, దారికడ్డంగా నిలబడడం ఒక్కోటీ ఒక్కో నేరం. అగ్రిమెంటు నకలు, అద్దె పంపిన యూపీఐ రసీదులు భద్రంగా ఉంచుకోమని ఆ పిల్లలకు చెప్పండి. కాలేజీ ప్రిన్సిపాల్‌కు ఒక ఉత్తరం కూడా పెట్టించండి, ఠాణాలో దాని విలువ వేరు.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉండి ‘కరాచీ’ అని బోర్డు పెట్టుకోవడం తప్పు కాదా? జనం తీసేయమంటే తప్పేముంది?
– ఓ పాఠకుడు, శంషాబాద్

జవాబు: మీరడిగేది 2025 మేలో మీ దగ్గర బోర్డు మీద కర్రలు పడిన బేకరీ గురించే అనుకుంటాం. అది దేశ విభజనప్పుడు కరాచీ వదిలి వచ్చిన సింధీ హిందూ కుటుంబం 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర పెట్టింది. పోగొట్టుకున్న ఊరి పేరు పెట్టుకున్నారు. పేరు మార్చమని అడగడం, కొనకపోవడం, పత్రికకు రాయడం మీ హక్కు. బోర్డు పగలగొట్టడం ఆస్తి ధ్వంసం, అంతమందితో వెళ్తే చట్టవిరుద్ధ సమావేశం. ఇందులో మతం ప్రశ్నే లేదు, ఉన్నా జవాబు మారదు.

ప్రశ్న: నేను ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి, ముస్లింని. ఎక్కడ దాడి జరిగినా స్టాఫ్‌రూమ్‌లో ‘మీవాళ్లు ఎందుకు ఖండించరు’ అంటారు. ఈసారి ఖండిస్తూ స్టేటస్ పెట్టమని యాజమాన్యం ఒక్క నన్నే అడిగింది. పెట్టకపోతే తప్పా?
– ఓ పాఠకుడు, నిజామాబాద్

జవాబు: తప్పు కాదు. పెట్టాలనే చట్టం లేదు, మీరు చేయని పనికి సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన పనీ లేదు. పెట్టాలనిపిస్తే మీ ఇష్టంతో పెట్టండి. యాజమాన్యం ఒక్క మిమ్మల్నే అడిగిందంటే దాన్ని నోటిమాటగా ఉంచనివ్వకండి. ‘అందరు సిబ్బందికీ ఇదే ఆదేశమా, దయచేసి రాతపూర్వకంగా తెలపగలరు’ అని ఈమెయిల్ పెట్టండి. ఆ ఒక్క ఈమెయిల్‌తో చాలా ఆదేశాలు ఆగిపోతాయి. ఆగకపోయి ఉద్యోగం మీదికి వస్తే, ఆ రాత మీకు ఆధారం.

స్టాఫ్‌రూమ్‌లో మాటలన్నీ నేరం కాదు. ‘మీవాళ్లు’ అనడం మొరటుతనం, అంతవరకే. కానీ ‘ఆ మతంవాళ్లెవరూ ఈ దేశానికి విశ్వాసంగా ఉండలేరు’ అని రాసినా, మాట్లాడినా బీఎన్‌ఎస్ 197(1)(ఏ) సరిగ్గా ఆ మాట కోసమే ఉంది. మతం కారణంగా ఒక వర్గం రాజ్యాంగానికి విధేయంగా ఉండలేదని ఆరోపించడం మూడేళ్ల నేరం. చాలామందికి 196 తెలుసు, ఇది తెలియదు.

‘అందరినీ అనుమానిస్తే దొంగ దొరుకుతాడు’ అనేవాళ్లకు హైదరాబాద్ చరిత్ర చూపించండి. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడుకు తొమ్మిది మంది చనిపోయారు, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు. పాతబస్తీ యువకులను పెద్దసంఖ్యలో పట్టుకెళ్లారు, కొట్టారన్న ఆరోపణలు వచ్చాయి, ఆ కేసులు కోర్టులో వీగిపోయాయి. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం వాళ్లకు పరిహారం ఇస్తే, అలా ఇచ్చే చట్టం లేదని 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. దర్యాప్తు సీబీఐకి, ఎన్‌ఐఏకి మారి మరో మతానికి చెందినవాళ్లు నిందితులయ్యారు. 2018 ఏప్రిల్‌లో వాళ్లూ నిర్దోషులుగా బయటికొచ్చారు. చనిపోయినవాళ్ల ఇళ్లకు ఈనాటికీ దోషి పేరు తెలియదు. దానికి భిన్నంగా 2013 దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసులో ఒక్కొక్కరి పేరు మీద, ఒక్కొక్కరి ఫోను రికార్డు మీద, బాంబు పెట్టిన సైకిలు మీద పనిచేశారు. ఐదుగురికి 2016లో పడిన మరణశిక్షను 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు ఖరారు చేసింది.

ప్రశ్న: నేను పెట్టిన పోస్టు మీద కేసు అయింది, బెయిలు మీద ఉన్నాను. ఇప్పుడు చంపుతామని ఫోన్లు వస్తున్నాయి. స్టేషన్‌కు వెళ్తే ‘రెండు వర్గాల పెద్దలను కూర్చోబెట్టి రాజీ చేస్తాం’ అంటున్నారు.
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: రాజీ కాగితం మీద సంతకం చేయకండి. 2022 జూన్‌లో ఉదయ్‌పూర్‌లో ఏం జరిగిందో గుర్తుందా? పోస్టు కేసులో బెయిలు మీద వచ్చిన దర్జీ తనకు బెదిరింపులు వస్తున్నాయని ఫిర్యాదు చేశాడు. ఠాణాలో పెద్దమనుషులను పిలిచి రాజీ చేసి పంపారు. కొద్దిరోజులకే ఇద్దరు బట్టలు కుట్టించుకునే వంకతో షాపులోకి వచ్చి నరికి చంపారు, వీడియో తీసుకున్నారు. రాజీకి వచ్చిన పెద్దల అదుపులో చంపేవాడు ఉంటాడన్న నమ్మకం ఏమిటి?

మీ పోస్టు నేరమా కాదా అన్నది ఒక కేసు. మిమ్మల్ని చంపుతామనడం పూర్తిగా వేరే కేసు. చంపుతామన్న బెదిరింపు బీఎన్‌ఎస్ 351(3) కిందికి వస్తుంది, ఏడేళ్ల దాకా శిక్ష. వేరుగా ఫిర్యాదు ఇవ్వండి. ఏ ఠాణాలోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ (ఠాణా పరిధితో పని లేనిది) కట్టాల్సిందే, మీ ఊళ్లో వెళ్లడం ప్రమాదమైతే పక్క జిల్లాలో ఇవ్వండి. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. కాల్ రికార్డింగులు, నంబర్ల పట్టిక జతచేయండి. ఈ కేసులో మీరు ఫిర్యాదుదారు, సాక్షి కూడా కాబట్టి 2018 సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా స్థాయి అధికార సంఘానికి దరఖాస్తు పెట్టే హక్కుంది. ఇంటి దగ్గర గస్తీ నుంచి తాత్కాలికంగా వేరేచోట ఉంచడం దాకా అందులో ఉన్నాయి. దరఖాస్తు పబ్లిక్ ప్రాసిక్యూటర్ ద్వారా వెళ్తే తొందరగా కదులుతుంది.

మీ పాత పోస్టుకు క్షమాపణ చెప్పాలా అని కూడా అడిగారు. చెబితే మీ లాయరును అడిగి చెప్పండి. ‘తప్పు చేశాను’ అన్న వాక్యం రేపు కోర్టులో ఒప్పుకోలుగా చదువుతారు.

ప్రశ్న: నేను హేతువాదిని. మత గ్రంథాలను విమర్శిస్తూ ప్రసంగిస్తాను. ఎంతవరకు చెల్లుతుంది?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: గోరా నాస్తిక కేంద్రం ఉన్న ఊరివారు, పురాణాలను ఏకిపారేసిన త్రిపురనేని రామస్వామిని కవిరాజని నెత్తిన పెట్టుకున్న జిల్లాలవారు ఈ ప్రశ్న అడుగుతున్నారంటే కాలం మారిందనే అనుకోవాలి. చట్టం మాత్రం పెద్దగా మారలేదు. 1920ల్లో లాహోర్‌లో ప్రవక్త మీద వచ్చిన ఓ కరపత్రం ప్రచురణకర్తను 1927లో హైకోర్టు వదిలేసింది, చనిపోయిన మతనేతను విమర్శించడం వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడం కాదంది. దాని మీద రేగిన గొడవతోనే అదే ఏడాది 295ఏ వచ్చింది. 1929లో ఆ ప్రచురణకర్తను ఓ యువకుడు పొడిచి చంపాడు, ఉరికెక్కాడు. 1957లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను నిలబెడుతూనే, తీవ్రమైన, దురుద్దేశంతో కూడిన అవమానానికే అది పరిమితమని చెప్పింది.

ఆచరణలో ఇలా ఉండండి: గ్రంథంలోని శ్లోకం, సూక్తి, అధ్యాయం సంఖ్య చెప్పి విమర్శించండి, బూతులు వద్దు. ‘ఈ నియమం అన్యాయం’ అనడం విమర్శ. ‘దీన్ని నమ్మేవాళ్లంతా ఇలాంటివాళ్లే’ అనగానే గ్రంథాన్ని వదిలి మనుషుల మీదికి వెళ్లారు, 196 మొదలయ్యేది అక్కడే. ప్రసంగం పూర్తిగా రికార్డు చేసి దాచుకోండి. కేసులన్నీ పదిహేను సెకన్ల ముక్క మీదే వస్తాయి, ముందూ వెనకా ఉన్న మాటలే మిమ్మల్ని కాపాడతాయి.

ప్రశ్న: ఫ్రాన్స్‌లో ఉద్యోగం. ఇక్కడ ఏ మతాన్ని ఎగతాళి చేసినా నడుస్తుంది. ఇక్కడ కూర్చుని తెలుగులో పెట్టిన పోస్టుకు ఇండియాలో కేసు పెట్టగలరా?
– ఓ పాఠకుడు, లియాన్

జవాబు: ‘ఏమన్నా నడుస్తుంది’ అన్నది సగమే నిజం. 2015 జనవరి 7న పారిస్‌లో కార్టూన్ల వారపత్రిక కార్యాలయం మీద దాడిలో 12 మంది చనిపోయారు. అదే పత్రిక మీద ముస్లిం సంఘాలు వేసిన కేసును 2007లోనే ఫ్రెంచి కోర్టు కొట్టేసింది. ఫ్రాన్స్‌లో మతాన్ని, దేవుణ్ణి, ప్రవక్తను ఎగతాళి చేయడం నేరం కాదు. ఆ మతంలో పుట్టిన మనుషుల మీద ద్వేషం రెచ్చగొట్టడం మాత్రం 1881 పత్రికా చట్టం కింద నేరమే, ఏడాది జైలు, 45,000 యూరోల జరిమానా దాకా. ఐరోపా అంతా ఒక దారిలో లేదు. డెన్మార్క్ 2017లో దైవదూషణ చట్టాన్ని ఎత్తేసి, ఖురాన్ ప్రతులు తగలబెట్టిన గొడవల తర్వాత 2023 డిసెంబరులో పవిత్ర గ్రంథాలను బహిరంగంగా అవమానించడాన్ని మళ్లీ నేరం చేసింది.

మీ ప్రశ్నకు జవాబు: పెట్టగలరు. భారత పౌరుడు విదేశంలో చేసిన పనికీ బీఎన్‌ఎస్ వర్తిస్తుంది. అది పూర్తిగా అక్కడే జరిగిన నేరమైతే, ఇక్కడ విచారణకు బీఎన్‌ఎస్‌ఎస్ 208 కింద కేంద్రం అనుమతి కావాలి. కానీ పోస్టు ఇక్కడి వాళ్లకు చేరి ఇక్కడ గొడవైతే నేరంలో కొంత ఇక్కడే జరిగిందని వాదిస్తారు. ఎఫ్‌ఐఆర్ ఉందో లేదో రాష్ట్ర పోలీసు వెబ్‌సైట్‌లో చూడండి, కొన్ని సున్నితమైన కేసులు అందులో పెట్టరు కాబట్టి ఇంటివాళ్ల ద్వారా ఠాణాలోనూ కనుక్కోండి. ఉంటే లుకౌట్ నోటీసు వచ్చి విమానాశ్రయంలో ఆపవచ్చు. సెలవు టికెట్ కొనేముందే హైకోర్టులో ముందస్తు బెయిలుకో, కేసు కొట్టివేతకో వేయించండి.

మీ ఉత్తరంలో ‘ఇక్కడివాళ్లకు మేం వేరు, వాళ్లు (ముస్లింలు) వేరు అని తెలుసు’ అన్నారు. అది నమ్ముకోకండి. 2001 సెప్టెంబరు 15న అమెరికాలోని మెసాలో పెట్రోల్ బంకు యజమానిని తలపాగా చూసి కాల్చి చంపారు, ఆయన సిక్కు. 2017 ఫిబ్రవరిలో కన్సాస్‌లోని ఓలేథాలో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజినీరును చంపినవాడు ఆయన్ను ఇరానీయుడనుకున్నాడు.

ప్రశ్న: దాడి తర్వాత భద్రతా లోపం మీద ప్రభుత్వాన్ని గట్టిగా విమర్శించాను. 196 పెడతామంటున్నారు. ఇంకో అధికారి ఐటీ చట్టం 66ఏ అన్నాడు.
– ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: 196కు రెండు వర్గాలు కావాలి. ప్రభుత్వం, సైన్యం మతవర్గాలు కావు. హైదరాబాద్‌లో పట్టుబడిన ఓ కశ్మీరీ యువకుడి కేసులో సుప్రీంకోర్టు 1997లోనే ఈ మాట చెప్పి, 153ఏ (196కు పాత నంబరు) కింద పడిన శిక్షను రద్దు చేసింది. చూసుకోవాల్సింది బీఎన్‌ఎస్ 152ను, వేర్పాటును, సాయుధ తిరుగుబాటును రెచ్చగొట్టడం మీద ఉన్నది. ప్రభుత్వ చర్యలను మార్పు కోరి విమర్శించడం దాని కిందికి రాదని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర రాతల మీద ఉన్న 66ఏను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది, ఇప్పుడు అది లేదు. నోటీసులో ఆ నంబరు కనిపిస్తే తీర్పు మొదటి పేజీ, చివరి పేజీ ప్రింటు తీసి జవాబుకు జతచేయండి, నకలు కమిషనర్ కార్యాలయానికి పంపండి.